కంప్యూటర్ సందేహాలు: టొరెంట్‌లో ఏ ఫైల్ ముందు, ఏ ఫైల్ వెనక

పోయిన నెల పెన్‌డ్రైవ్ ప్రశ్నకు బదులు చెప్తా చెప్తా టొరెంట్ మాట ఒకటి అన్నా, అంతే, ఈసారి వచ్చిన మెయిళ్ళలో వాట్సాప్‌లో సగానికి పైగా అదే గోల. టొరెంట్ అంటే ఒక ఫైల్‌ని ఒకే సర్వర్ నుంచి కాకుండా, అది ఉన్న పదిమంది కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా దించుకునే పద్ధతి. ఏ ఫైల్ ముందు రావాల, ఏది వద్దు, సగం దిగినాక చూడొచ్చా, 99 దగ్గర ఏమిటికి ఆగింది, ఇట్లా. అన్నీ ఒకే చెట్టు కొమ్మలే కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తాండా. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ గురించి అడిగిన కోడుమూరు అక్కకు వచ్చే నెల చెప్తా, అంతదాకా ఆ ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టొద్దు, దిండు కింద అసలే పెట్టొద్దు.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం. ఫ్రీ లైసెన్స్‌తో పెట్టిన లెక్చర్ వీడియోల టొరెంట్ ఒకటి ఉండాది, 62 వీడియోలు, 14 జీబీ. సోమవారం నుంచి ఇంటర్నల్స్, నాకు మొదటి తొమ్మిది వీడియోలుంటే చాలు. హాస్టల్ వైఫై సంగతి చెప్పేదేముంది. బిన్నా వస్తాయని మొత్తం సెలెక్ట్ చేసి హై ప్రయారిటీ పెట్టినా. రాత్రంతా నడిచి 41 శాతం అయింది గానీ ఒక్క వీడియో కూడా పూర్తి కాలేదు. ఈ ప్రయారిటీ నిజంగా పనిచేస్తుందా, ఉత్తదేనా?
— హాస్టల్ పిల్లోడు, అనంతపురం

తమ్ముడూ, ప్రయారిటీ ఉత్తది కాదు, నువ్వు పెట్టిన తీరు ఉత్తది. 62కీ హై పెట్టినావంటే 62కీ నార్మల్ పెట్టినట్టే లెక్క. తిరునాళ్ళలో అందరికీ వీఐపీ పాస్ ఇస్తే మళ్ళా అదే క్యూ కదా. ప్రయారిటీ నీ నెట్ స్పీడు పెంచదు, వచ్చే నీళ్ళు అన్నే, ఏ మడికి ముందు కట్టాల అనేదే నువ్వు చెప్పేది.

41 శాతం వచ్చినా ఒక్కటి కూడా ఏమిటికి పూర్తి కాలేదో చెప్తా విను, ఇది తెలిస్తే కింద ప్రశ్నలు సగం తేలిపోతాయి. టొరెంట్‌లో నీ 14 జీబీని 62 ఫైళ్ళుగా చూడరు, మొత్తం ఒకే పొడుగు తాడుగా చూసి సమానంగా ముక్కలు కోస్తారు, వాటినే పీస్‌లంటారు, ఒక్కోటి మామూలుగా 16 కేబీ నుంచి 16 ఎంబీ లోపల ఎంతైనా ఉండొచ్చు, తయారు చేసినోడి ఇష్టం. నీ దాంట్లో 8 ఎంబీ అనుకో, ఒక్కో వీడియోకి 28 ముక్కల దాకా వస్తాయి. ఈ ముక్కల్ని సాఫ్ట్‌వేర్ ఒకటి, రెండు, మూడు అని వరసగా తేదు. అన్నిటికంటే తక్కువ మంది దగ్గర ఉన్న ముక్క ఏదో చూసి దాన్ని ముందు లాగుతుంది.

మీ హాస్టల్‌లోనే చూడు. రికార్డు రాసే రోజు 14వ పేజీ ఒక్కడి దగ్గరే ఉంది, వాడు సాయంత్రం బస్సుకు ఊరికి పోతాండాడు. తెలివైనోడెవడూ ఒకటో పేజీ నుంచి రాసుకుంటా కూర్చోడు, ముందు ఆ 14వ పేజీ ఫోటో కొట్టుకుంటాడు. ఒకటో పేజీ అందరి దగ్గరా ఉండాది, రాత్రి పన్నెండుకైనా దొరుకుతుంది. పైగా 14వ పేజీ ఇప్పుడు నీ దగ్గర ఉంది కాబట్టి మిగతావాళ్ళు నీ రూముకు వస్తారు, వచ్చేటోళ్ళు ఒట్టి చేతులతో రారు, నీకు లేని పేజీ ఇంకోటి తెస్తారు. బ్రామ్ కోహెన్ 2001లో బయటపెట్టిన బిట్‌టొరెంట్ అంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదనే నడుస్తుంది. అందరూ ముందు అరుదైన ముక్కనే తెచ్చుకునే పద్ధతి వల్ల ఒక్కడు వెళ్ళిపోయినా గుంపు బతుకుతుంది. నీ ఒక్కడి పరీక్ష సంగతి మాత్రం దానికి పట్టదు. అందుకే 41 శాతం అంటే సగటున ఒక్కో వీడియోలో 28కి 11, 12 ముక్కలు వచ్చినాయి, ఒక్కటీ నిండలేదు.

నాకు ఇది కడుపుమండి నేర్చుకున్న పాఠం. రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఫ్రీగా ఉండే బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ల కాలంలో, కర్నూల్లో మా మిద్దె మీద రూములో అలారం పెట్టుకుని లేచి, ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ల మూట, ఇరవై చిల్లర ఫైళ్ళు, డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటాంటి. నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే 93 శాతం. అబ్బ అనుకుని ఒక్కో ఫైల్ తెరిస్తే ఇది కరప్ట్, అది కరప్ట్, ఇరవైలో ఒక్కటి తెరుచుకుంటే ఒట్టు. ఆరోజే కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. నాకు దాంట్లో నిజానికి కావాల్సింది ఒకే ఒక్క ఫైల్, 40 ఎంబీది. మొదటి రాత్రి గంటలో అయిపోయేది.

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది. నువ్వు వాడే టొరెంట్ సాఫ్ట్‌వేర్ క్యూబిట్‌టొరెంట్ అయితే కింద కంటెంట్ ట్యాబ్ తెరువు, ఫైళ్ళ జాబితా వస్తుంది. అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి ప్రయారిటీలో 'డౌన్‌లోడ్ చెయ్యొద్దు' పెట్టు. తర్వాత నీ తొమ్మిదింటినే నార్మల్ చెయ్యి. అంతే. హై, మాక్సిమం జోలికి పోకు. హై పెట్టి మిగతావి నార్మల్‌లో వదిలేస్తే అవి ఆగిపోవు, మధ్యమధ్యలో కొంచెం కొంచెం వస్తానే ఉంటాయి, ఎందుకంటే హై ఇచ్చిన ముక్క పలానా టైముకు నీకిచ్చేవాళ్ళ దగ్గర లేకపోతే సాఫ్ట్‌వేర్ చేతులు కట్టుకుని కూర్చోదు, ఉన్నది తెచ్చుకుంటుంది. పరీక్ష దగ్గరపడినప్పుడు హై కంటే 'వద్దు' అనే మాటే బలమైనది. తొమ్మిదిలో కూడా రేపటి యూనిట్‌వి మూడు మొదలు కావాలంటే ఆ మూడే ఉంచి తక్కిన ఆరు వద్దను, అవి అయినాక ఇవి. పరీక్షలు అయినంక మొత్తానికి మళ్ళా నార్మల్ పెడితే ఆగిన కాడ నుంచి మొదలవుతుంది, ఇంతకుముందు వచ్చిన 41 శాతం యాడికీ పోదు.

ఇంకోటి, డెల్యూజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేటోళ్ళకు ఇదే 'స్కిప్' అనే పేరుతో ఉంటుంది, ట్రాన్స్‌మిషన్‌లో ఫైల్ పక్కన టిక్ తీసేయడమే. పేర్లు మారతాయి, పని ఒకటే.

ప్రశ్న: సార్, నేను వద్దనుకున్న ఫైళ్ళకు టిక్ తీసేసినా. అయినా ఫోల్డర్‌లో చుక్కతో మొదలై పార్ట్స్ అని చివర ఉన్న ఫైల్ ఒకటి కనపడతాంది, 11 ఎంబీ ఉండాది. వైరసా? ఇంకోటి, దాంట్లో 12 కేబీ టెక్స్ట్ ఫైల్ ఒక్కటే కావాలని పెడితే 4 ఎంబీ డౌన్‌లోడ్ అయింది. ఎట్లా?
— గుంతకల్లు

వైరస్ కాదు సామీ, దాన్ని గమ్మున ఉండనీ. పైన చెప్పిన పొడుగు తాడు మాట గుర్తుంది కదా. ముక్కలు కోసేటప్పుడు ఫైల్ యాడ ముగిసింది, ఇంకోటి యాడ మొదలైంది అని చూడరు. కాబట్టి ఒక ముక్కలో మొదటి సగం నీకు కావాల్సిన ఫైల్‌ది, రెండో సగం నీకు వద్దనుకున్న ఫైల్‌ది అయివుండొచ్చు. మరి సగం ముక్క తెచ్చుకోవచ్చు కదా అంటావు. తేవచ్చు, సాఫ్ట్‌వేర్లు ముక్కని 16 కేబీ చొప్పున చిల్లరగానే అడుగుతాయి, 4 ఎంబీ ముక్కంటే 256 చిల్లరలు. చిక్కు యాడ వస్తుందంటే, ఆ వచ్చింది అసలుదా కల్తీదా అని చూసే ముద్ర, హ్యాష్ అంటాం, అది చిల్లరకు లేదు, ముక్క మొత్తానికి ఒకటే ఉంది. ముక్క నిండితే గానీ ముద్ర సరిపోల్చలేరు, సరిపోల్చకుండా మీ హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుంటే దారిన పోయేవాడు ఏది ఇస్తే అది తిన్నట్టే. అందుకని 12 కేబీ కోసం 4 ఎంబీ. పక్క ఫైల్‌కు చెందిన ఆ మిగులు భాగాన్ని యాడో ఒకచోట దాచాల కదా, ఆ దాచిన డబ్బానే మీరు చూసిన పార్ట్స్ ఫైల్. డౌన్‌లోడ్ నడుస్తాంటే దాన్ని తీసెయ్యొద్దు, తీసేస్తే మళ్ళా ఆ ముక్కలే తెచ్చుకుంటుంది. అంతా అయిపోయి టొరెంట్‌ని లిస్టులో నుంచి తీసేసినాక చెత్తబుట్టకు పంపండి. కొన్ని సాఫ్ట్‌వేర్లయితే ఈ డబ్బా పెట్టకుండా వద్దన్న ఫైల్‌నే సగంసగం తయారుచేసి పెడతాయి, అది తెరుచుకోలేదని కంగారుపడొద్దు.

కొత్త రకం, వెర్షన్ 2 టొరెంట్లలో ఈ బాధ లేదు, ప్రతి ఫైల్ కొత్త ముక్కతోనే మొదలవుతుంది, ముద్రకు కూడా పాత ఎస్‌హెచ్‌ఏ-1 బదులు ఎస్‌హెచ్‌ఏ-256 వాడతారు. కానీ మనకు దొరికేవి ఇంకా ఎక్కువ పాతరకమే.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి. బ్రౌన్ లైబ్రరీకి పోయి చదువుకునే ఓపిక మోకాళ్ళకు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకం ఒకటి దొరికింది, మనవడు టొరెంట్ అని నొక్కితే ఒక్క పుస్తకానికి 700 ఎంబీ అంటోంది. పుస్తకం 300 పేజీలు కూడా లేదు. ఇంత ఎందుకు?
— కడప

అయ్యవారూ, ఆ 700లో మీకు కావాల్సింది బహుశా 30, 40 ఎంబీనే. ఆర్కైవ్ వాళ్ళు ఒక పుస్తకానికి సంబంధించినవన్నీ ఒకే టొరెంట్‌లో కట్టి పెడతారు. పీడీఎఫ్ ఉంటుంది, అక్షరాలు మాత్రం లాగిన టెక్స్ట్ ఉంటుంది, చిల్లర సమాచారం ఫైళ్ళు ఉంటాయి, వీటన్నిటికంటే లావుగా జేపీ2 జిప్ అని ఒకటి ఉంటుంది, అది ప్రతి పేజీకీ తీసిన పెద్ద స్కాన్ బొమ్మల కట్ట. మీరు చదువుకోడానికి పీడీఎఫ్ చాలు. మనవణ్ణి పిలిచి టొరెంట్ చేర్చేటప్పుడు వచ్చే కిటికీలోనే అన్నిటికీ టిక్ తీసేసి పీడీఎఫ్ ఒక్కదానికి పెట్టమనండి. లింక్ మ్యాగ్నెట్ రకమైతే, అంటే టొరెంట్ ఫైల్ లేకుండా ఒట్టి లింకే అయితే, ఫైళ్ళ జాబితా వెంటనే కనపడదు, ఒకట్రెండు నిమిషాలు ఆగాల, జాబితా కూడా అవతలివాళ్ళ దగ్గర నుంచే రావాల కాబట్టి. పిల్లలకు ఆ ఓపిక ఉండదు, టక్కున ఓకే కొట్టేస్తారు, అప్పుడు అన్నీ దిగుతాయి.

సీడ్స్, అంటే పూర్తి ఫైల్ దగ్గర పెట్టుకుని ఇచ్చేవాళ్ళు, సున్నా అని చూపిస్తే దిగులుపడొద్దు, ఆర్కైవ్ టొరెంట్లకు వాళ్ళ సర్వరే వెనకాల నుంచి ముక్కలిస్తుంది, వెబ్ సీడ్ అంటారు దాన్ని. టెక్స్ట్ ఫైల్ మాత్రం ఆశపడి తెరవకండి, పాత అచ్చు తెలుగుని కంప్యూటర్ చదివిన తీరు చూస్తే మీరు ఎర్రసిరా పెన్ను కోసం వెతుకుతారు. నిజానికి ఒక్క పీడీఎఫ్‌కైతే టొరెంట్ కూడా అక్కరలేదు, అదే పేజీలో పీడీఎఫ్ మీద నేరుగా నొక్కితే వస్తుంది. నెట్ మధ్యలో తెగే ఇళ్ళలో మాత్రం టొరెంటే మేలు, తెగిన కాడ నుంచి అందుకుంటుంది.

ప్రశ్న: అన్నా, మా అక్క పెళ్ళి వీడియో 9 జీబీ, ఒకే ఎంపీ4 ఫైల్. కువైట్‌లో ఉన్న మా అన్నకు సెలవు దొరక్క పెళ్ళికి రాలేకపోయినాడు. ఎవరో చెప్తే నా కంప్యూటర్‌లోనే టొరెంట్ చేసి లింక్ పంపించినా. సగం దిగినాక తెరిస్తే వీడియో రానే రాలేదంట. ఇంకా తలంబ్రాల కాడ నుంచి ముందు కావాలంట అన్నకు. ఫైల్‌లో మధ్య భాగానికి ప్రయారిటీ పెట్టే దారి ఉందా?
— ప్రొద్దుటూరు

ఈ ఉత్తరం చదివి నాకు ఈ నెల పని చేసిన తృప్తి వచ్చింది తమ్ముడూ. టొరెంట్ అంటే కొత్త సినిమా దొంగతనం అనుకునేటోళ్ళకు ఇది చూపించాల.

ముందు నీ రెండో ప్రశ్న. ఒకే ఫైల్‌లో 'తలంబ్రాలు ముందు' అని ప్రయారిటీ పెట్టే మీట మామూలు సాఫ్ట్‌వేర్లలో లేదు. లోపల ఇంజను ముక్కముక్కకూ వేరే ప్రయారిటీ పెట్టగలదు, 0 నుంచి 7 దాకా అంకెలుంటాయి, సున్నా అంటే వద్దని, ఏడంటే అన్నిటికంటే ముందని. కానీ మనకు కనపడే కిటికీలో ఫైల్ దాకానే ఇస్తారు, ముక్క దాకా ఇయ్యరు. ఇచ్చినా తలంబ్రాలు ఎన్నో ముక్కలో ఉన్నాయో నీకెట్ల తెలుస్తుంది.

ఇంక వీడియో ఏమిటికి రాలేదో. ఎంపీ4 ఫైల్‌లో మూవ్ అని ఒక పెట్టె ఉంటుంది, ఏ ఫ్రేము యాడ ఉంది, సౌండు యాడ ఉంది అనే పట్టిక దాంట్లో ఉంటుంది. చాలా కెమెరాలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ పెట్టెను ఫైల్ చివర పెడతాయి, రికార్డింగ్ అంతా అయినాకనే కదా పట్టిక పూర్తయ్యేది. చివరి ముక్క రాకపోతే ముందు 8 జీబీ ఉన్నా ప్లేయర్‌కు అది ఒట్టి మట్టి. క్యూబిట్‌టొరెంట్‌లో టొరెంట్ మీద రైట్ క్లిక్ చేస్తే 'మొదటి, చివరి ముక్కలు ముందు' అని ఒకటి, 'వరసగా డౌన్‌లోడ్' అని ఒకటి ఉంటాయి. అన్నని ఆ రెండూ పెట్టుకోమను. మొదటి దానితో పట్టిక వచ్చేస్తుంది, రెండోదానితో ఆట మొదటి నుంచి సాగుతుంది. వీఎల్‌సీలో తెరవమను.

వరసగా పెట్టడం మామూలుగా నేను వద్దంటా. అందరూ మొదటి నుంచే లాగితే అందరి దగ్గరా మొదటి ముక్కలే ఉంటాయి, చివరివి ఎవరి దగ్గరా ఉండవు, ఇచ్చిపుచ్చుకోడానికి ఏమీ మిగలదు. సాఫ్ట్‌వేర్ పది సెకన్లకొకసారి నాకు ఎవరు బాగా ఇస్తాండారు అని చూసుకుని వాళ్ళకే తిరిగి ఇస్తుంది, ఇవ్వడానికి నీ దగ్గర కొత్తది లేకపోతే నువ్వు వెనకబడతావు. కానీ మీ ఇంట్లో ఇచ్చేది నువ్వొక్కడివి, తీసుకునేది అన్న ఒక్కడు. ఈ గుంపు ధర్మాలేవీ మీకు వర్తించవు. నిమ్మళంగా వరసగా పెట్టుకోండి.

అసలు మంచి దారి వేరే ఉంది. ఫైల్‌ని పంపక ముందే కోసెయ్యి. ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని పది ఫైళ్ళు చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టి ఆ ఫోల్డర్‌కు టొరెంట్ చెయ్యి. అప్పుడు అన్న తలంబ్రాలు ఒక్కటి ఉంచి మిగతావి వద్దని పెట్టుకోవచ్చు, అది చూస్తాండగా మిగతావి విప్పుకోవచ్చు. మళ్ళా మొత్తం వీడియో తయారుచేసే పని పడితే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో 'వెబ్ ఆప్టిమైజ్డ్' టిక్ పెట్టు, ఆ పట్టిక పెట్టె ముందుకు వచ్చేస్తుంది. వీడియో స్టూడియో వాళ్ళకు చెప్పినా చేసిస్తారు, ఒకసారికి అర్థం కాదు, రెండోసారి చెప్పు.

టైము లెక్క కూడా చూసుకో. అన్న నెట్ ఎంత స్పీడైనా నీ అప్‌లోడ్ ఎంతుంటే అంతే పోతుంది. నీ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అయితే 9 జీబీకి తక్కువలో తక్కువ 4 గంటలు, అన్ని గంటలూ నీ కంప్యూటర్ నిద్రపోకుండా ఉండాల. ఇంట్లో ఆడోళ్ళ వీడియో కాబట్టి ఆ లింక్ గ్రూపుల్లో పెట్టొద్దు, లింక్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు దించుకోవచ్చు. అన్నది అయిపోగానే నీ వైపు ఆపెయ్యి.

ప్రశ్న: 99.4 శాతం దగ్గర వారం నుంచి ఆగిపోయింది. ఆ మిగిలిన ఫైల్‌కు మాక్సిమం పెట్టినా. మళ్ళా నార్మల్, మళ్ళా మాక్సిమం. కదలదు. ఏం చెయ్యాల?
— కొండారెడ్డి బురుజు దగ్గర, కర్నూలు

బోరులో నీళ్ళు లేనప్పుడు మోటరు ఎంత పెద్దది బిగిస్తే ఏం లాభం సామీ. జనరల్ ట్యాబ్‌లో 'అవైలబిలిటీ' అని ఒక అంకె ఉంటుంది, దాన్ని చూడండి. 1 కంటే తక్కువ, 0.994 అట్లా ఉంటే మీకు తగిలిన వాళ్ళందరినీ కలిపినా ఒక పూర్తి కాపీ లేదని. మీలాగే వాళ్ళంతా కూడా అదే 99.4 దగ్గర కూర్చుని, ఆ పోగొట్టుకున్న ముక్క ఉన్నోడు ఎవడో ఒకడు కంప్యూటర్ ఆన్ చేస్తాడని ఎదురుచూస్తాండారు. 1 దాటి ఉంటే మాత్రం ఎవరి దగ్గరో ఉంది, వాళ్ళ వంతు వచ్చేదాకా ఆగితే వస్తుంది.

మధ్యలో మీరు చెయ్యగలిగినవి కొన్ని. ఆ ఆగిన ముక్క ఏ ఫైల్‌దో కంటెంట్‌లో చూడండి, చాలాసార్లు అది మీకు అక్కరలేని ఏదో శాంపిల్ ఫైలో, పోస్టరు బొమ్మో అయివుంటుంది, దాన్ని వద్దని పెడితే మీ డౌన్‌లోడ్ అక్కడికి పూర్తయినట్టే. కావాల్సిన ఫైలే అయితే, అదే ఫైల్ ఇంకో చోట, స్నేహితుడి దగ్గర, అచ్చం అదేది దొరికితే టొరెంట్ ఆపి, ఆ ఫైల్‌ని మీ ఫోల్డర్‌లో అదే పేరుతో పెట్టి, రైట్ క్లిక్‌లో 'ఫోర్స్ రీచెక్' కొట్టండి, ముద్రలన్నీ మళ్ళా సరిచూసుకుని సరిపోయిన ముక్కలు లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క బైటు తేడా ఉన్నా ఆ ముక్క ఒప్పుకోదు, పేరు, సైజు ఒకటైనంత మాత్రాన సరిపోదు.

ఇంకా ఒక మాట, మీరు పూర్తయినవి వెంటనే లిస్టులో నుంచి తీసేసే రకమైతే, మీ ఊర్లో ఎవరో 99.4 దగ్గర కూర్చున్నాడంటే దాంట్లో మీ చెయ్యి కూడా ఉంది.

ప్రశ్న: ఫోన్‌లో టొరెంట్ యాప్ వాడతా, రోజుకు 1.5 జీబీ ప్యాక్. 800 ఎంబీ ఫైల్ ఒక్కటే టిక్ పెట్టి మిగతావి వద్దంటే ప్యాక్ మొత్తం ఎట్లా అయిపోయింది?
— తాడిపత్రి

నీ దగ్గరున్న ముక్కల్ని యాప్ ఇతరులకు ఇస్తానే ఉంటుంది, ఆ ఇచ్చింది కూడా నీ ప్యాక్‌లోనే కోస్తారు. సెట్టింగుల్లో అప్‌లోడ్ హద్దు సెకనుకు 10, 20 కేబీ పెట్టుకో, మరీ సున్నాకు దగ్గర చేస్తే నీకు వచ్చేది కూడా తగ్గుతుంది. డౌన్‌లోడ్ అయిన వెంటనే ఆపెయ్యి. లిబ్రెటొరెంట్ లాంటి యాప్‌లలో మొబైల్ డేటా మీద నడవకుండా వైఫై మీదనే నడిచేట్టు పెట్టుకునే వీలుంది. ప్యాక్ ఉన్నోళ్ళు ఫోన్ డేటాలో పెద్ద ఫైళ్ళు దించడం అంటే నాకు గ్లాసుతో ట్యాంకరు నింపినట్టు ఉంటుంది, అయినా అడిగినావు కాబట్టి చెప్పినా.

ప్రశ్న: ఫైల్ సైజు 1.4 జీబీ పూర్తిగా చూపిస్తాంది, కానీ టొరెంట్‌లో ఇంకా 20 శాతమే అంటాంది. ఏది నిజం?
— ఆదోని

20 శాతమే నిజం. కొన్ని సెట్టింగుల్లో స్థలం ముందే పట్టిపెట్టుకుంటుంది, బస్సులో టవల్ వేసినట్టు. లోపల ఖాళీ. సెట్టింగుల్లో పూర్తికాని ఫైళ్ళకు చివర తోక తగిలించే టిక్ ఒకటుంది, అది పెట్టుకుంటే ఏది నిండింది ఏది నిండలేదు అనేది పేరు చూస్తేనే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా బడిలో నెట్ లేదు. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియాని ఆఫ్‌లైన్‌లో పిల్లలకు చూపియ్యాలని టొరెంట్ పెట్టినా, ఒకే పెద్ద ఫైల్. సైన్సు భాగం ఒక్కటే ముందు దించుకోవచ్చా? దించింది పెన్‌డ్రైవ్‌కు ఎక్కించబోతే ఫైల్ చాలా పెద్దది అంటాంది, పెన్‌డ్రైవ్ 64 జీబీ ఖాళీగానే ఉండాది.
— పల్లె బడి టీచర్, ఆళ్ళగడ్డ వైపు

మేడం, ఒకే ఫైల్ అయితే దాంట్లో సైన్సు వేరు చేయలేరు, మొత్తం వస్తేనే తెరుచుకుంటుంది. లైనక్స్ ఇన్‌స్టాల్ చేసుకునే ఐఎస్‌ఓ ఫైళ్ళకూ ఇదే మాట, 95 శాతం ఐఎస్‌ఓతో ఏమీ చెయ్యలేం, ప్రయారిటీ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. కానీ కివిక్స్ వాళ్ళు ఒకే వికీపీడియాని బొమ్మలతో ఒకటి, బొమ్మల్లేకుండా ఒకటి, మినీ అని ఒకటి ఇస్తారు, చిన్నదానితో మొదలుపెట్టండి. కొన్ని భాషలకు విషయాల వారీగా కూడా విడివిడి ఫైళ్ళుంటాయి, జాబితాలో ఒకసారి చూసుకోండి.

పెన్‌డ్రైవ్ సంగతి, అది ఫ్యాట్32 లో ఉంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. లోపలున్నవి వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసుకోండి. దాచుకోకుండా ఫార్మాట్ కొట్టి పిల్లల మార్కుల జాబితా పోయిందని నాకు రాసినోళ్ళు ఇప్పటికి ముగ్గురు.

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ చూసినా. పోలీసు కేసు అవుతుందని మా తోడల్లుడు భయపెడతాండాడు.
— ఎమ్మిగనూరు

సాఫ్ట్‌వేర్ ఉంటే కేసు కాదు. ఉబుంటు, డెబియన్ లాంటి ఫ్రీ లైనక్స్ వాళ్ళు తమ సొంత సైట్లలోనే టొరెంట్లు పెడతారు. దాంతో ఏం దించుతాండాడు అనేదే ప్రశ్న. కొత్త సినిమాలు అయితే తోడల్లుడు చెప్పింది నిజమే, 1957 కాపీరైట్ చట్టంలో 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా రాసివుంది. టొరెంట్‌లో దించుతానే ఇతరులకు పంచుతాం కూడా, నేను ఊరికే చూసుకుంటాండా అనే మాట నిలబడదు. అబ్బాయి పక్కన కూర్చుని లిస్టు చూడండి, అరవకుండా.

ప్రశ్న: మాక్సిమం ప్రయారిటీ పెడితే హాస్టల్‌లో పక్క రూమోడి స్పీడు కూడా నాకే వస్తుందా?
— పేరు రాయలేదు, అనంతపురం

రాదు. పక్క రూమోడు మెస్‌కు పోయినప్పుడు వస్తుంది.